‘పరిశోధనల్లో తేలింది’ అంటే ఏమి తేలినట్టు? చదువుల విధానాలకూ ఆధారాలకూ మధ్య ఉన్న దూరం

స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడుల సముదాయం) సమావేశాల్లోనూ డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) శిక్షణల్లోనూ కూర్చునే ఉపాధ్యాయులకు బాగా అలవాటైన వాక్యం ‘పరిశోధనల్లో తేలింది’. దాని తర్వాత ఏదైనా రావచ్చు. పిల్లలను తరగతినిబట్టి కాక స్థాయినిబట్టి కూర్చోబెట్టాలని రావచ్చు, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాలని రావచ్చు, ఇంగ్లిష్ మాధ్యమమే మంచిదని రావచ్చు, కాదు ఇంటి భాషే మంచిదనీ రావచ్చు. ఆ పరిశోధన ఎక్కడి పిల్లల మీద జరిగింది, దానిని ఎవరు అమలు చేశారు, దేనితో పోల్చి చూశారు అని అడిగే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. మధ్యాహ్న భోజనం లెక్కలూ యూడైస్ (బడుల సమాచార వ్యవస్థ) వివరాలూ ముగిసేసరికే సాయంత్రమవుతుంది.

ఆ ప్రశ్నలను తీరిగ్గా వేసుకోవలసిన అవసరం పాలమూరు, నల్లగొండ ప్రాంతాలకు మరీ ఎక్కువగా ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలో అదే ఆఖరు. నల్లగొండది 64.20 శాతం. ఇటువంటి చోట కొత్త పథకాలకు ఎన్నడూ కొదవ ఉండదు. 2022 మార్చిలో బడుల వసతులు బాగుచేసే ‘మన ఊరు – మన బడి’ పాలమూరు ప్రాంతంలోని వనపర్తిలోనే మొదలైంది, ఆ ఏడాది నుంచే సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది, ఆగస్టులో ప్రాథమిక తరగతులకు చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే ‘తొలిమెట్టు’ వచ్చింది, 2025లో కొన్ని జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో కృత్రిమ మేధ సాయంతో చదవడం, లెక్కలు నేర్పడం మొదలైంది. ప్రతి పథకం వెనుకా ఏదో ఒక ఆధారాన్ని చూపిస్తారు. అయితే అన్ని ఆధారాలూ ఒకే రకమైనవి కావు.

సర్వే చెప్పేది ఒకటి, ప్రయోగం చెప్పేది మరొకటి

‘ఆధారం’ అనే ఒక్క మాటతో మనం రెండు మూడు వేరువేరు వస్తువులను పిలుస్తున్నాం. మొదటిది ప్రస్తుత స్థితిని చెప్పే కొలత. 2005 నుంచి గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూస్తున్న అసర్ సర్వే ఈ కోవకు చెందినది. 2024 నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతం, 2022లో వారు 16.3 శాతం. పరిస్థితి మెరుగైందని ఈ అంకెలు చెబుతాయి. ఎందుకు మెరుగైందో మాత్రం చెప్పవు. కోవిడ్ మూతల నుంచి కోలుకోవడం వల్లనా, 2021లో కేంద్రం మొదలుపెట్టిన పునాది చదువుల కార్యక్రమం నిపుణ్ భారత్ వల్లనా, రెండూ కలిసా అన్నది సర్వే తేల్చగలిగిన విషయం కాదు. 2002 నుంచి మూడు వేల మంది పిల్లల జీవితాలను ఏళ్ల తరబడి వెంబడించిన యంగ్ లైవ్స్ అధ్యయనం మహబూబ్‌నగర్ జిల్లాలోనూ జరిగింది. ఒకే పిల్లను చిన్ననాటి నుంచి పెళ్లీడు దాకా చూడటం వల్ల అది సర్వే కంటే లోతైన సంగతులు చెబుతుంది కానీ, ఫలానా పథకం వల్లనే ఫలానా మార్పు వచ్చిందని నిరూపించడం దానికీ కష్టమే.

రెండో రకం ఆధారం కారణాన్ని వెతుకుతుంది. ఇక్కడి చిక్కును కెన్యాలో జరిగిన ఒక అధ్యయనం బాగా చూపిస్తుంది. గోడకు వేలాడదీసి బోధించే చార్టులు ఉన్న బడుల్లో పిల్లల మార్కులు ఎక్కువగా ఉన్నాయని మామూలు పోలికలో కనిపించింది. తర్వాత ఆర్థికవేత్త మైకేల్ క్రెమర్, ఆయన సహచరులు కొన్ని బడులకు చార్టులు ఇచ్చి, మరికొన్నింటికి ఇవ్వకుండా జాగ్రత్తగా పోల్చి చూస్తే ఆ లాభం దాదాపు సున్నా అని తేలింది. మొదటి పోలికలో మార్కులు పెంచింది చార్టులు కావు. చార్టులు కొనుక్కోగలిగిన బడులకు అప్పటికే మంచి హెడ్మాస్టరూ శ్రద్ధగల తల్లిదండ్రులూ ఉండి ఉంటారు.

ఈ పొరపాటును తప్పించడానికే చీటీలు తీసి బడులను రెండు గుంపులుగా విడదీసే యాదృచ్ఛిక ప్రయోగాలు వచ్చాయి. పథకం ఏ బడికి దక్కుతుందో చీటీ నిర్ణయిస్తే, రెండు గుంపులూ సగటున ఒకేలా ఉంటాయి కాబట్టి తర్వాత కనిపించే తేడాను పథకానికే ఆపాదించవచ్చు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, క్రెమర్‌లకు 2019లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది ఈ పద్ధతితో చేసిన పనికే.

0.15 అంటే ఎన్ని మార్కులు?

ఇటువంటి ప్రయోగాల ఫలితాలను మార్కుల్లో చెప్పరు, ‘ప్రామాణిక విచలనం’లో చెబుతారు. పేరుకు భయపెట్టినా విషయం తేలికే. ఒక పరీక్షలో పిల్లల సగటు వందకు 40 అనుకుందాం. అందరికీ 40 రాదు. ఒకరికి 22, మరొకరికి 63 వస్తాయి. సగటు చుట్టూ మార్కులు ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలతే ప్రామాణిక విచలనం. అది 20 మార్కులు అనుకుంటే, 0.15 ప్రభావం అంటే సగటున 3 మార్కులు పెరిగినట్టు. 0.27 అంటే ఐదున్నర మార్కులకు కొంచెం తక్కువ. వంద మంది పిల్లలను మార్కుల వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్న పిల్ల 0.15 ప్రభావంతో ఆరుగురిని, 0.27తో పది పదకొండు మందిని దాటుతుంది.

ఒక్క ఏడాదిలో అక్షరం రాని పిల్లవాడిని పుస్తకం చదివించే పథకం ఇదని ఎవరైనా చెబితే ఈ లెక్కను గుర్తుంచుకోవడం మంచిది. విద్యారంగంలో గట్టి ఫలితాలుగా పేరు తెచ్చుకున్నవి కూడా చాలావరకు మూడు నుంచి ఆరు మార్కుల మధ్యవే.

ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన ప్రయోగాలు

ఈ రకం పరిశోధనలకు ప్రపంచంలోనే పేరుపడిన చోట్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటన్న సంగతి మన ఉపాధ్యాయులలో చాలామందికి తెలియకపోవడం ఆశ్చర్యమే. 2005 ప్రాంతం నుంచి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల సహకారంతో వందలాది గ్రామీణ సర్కారు బడుల్లో వరుసగా ప్రయోగాలు చేశారు.

అందులో ఒకటి, పిల్లల మార్కులు పెరిగినకొద్దీ ఉపాధ్యాయుడికి బోనస్ ఇవ్వడం. రెండేళ్ల తర్వాత లెక్కల్లో 0.27, భాషలో 0.17 మేర పెరుగుదల కనిపించింది. లోపలికి చూస్తే తెలిసేది ఇంకా ఆసక్తికరం: బోనస్ వల్ల ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గలేదు. బడికి వచ్చిన రోజున వారు చేసిన పని మారింది. ఇంటిపని ఎక్కువ ఇచ్చారు, బడి వేళ తర్వాత కూర్చోబెట్టారు, నమూనా పరీక్షలు పెట్టారు. ఇంత గట్టి ఫలితం వచ్చినా ఆ పద్ధతి రాష్ట్ర విధానం కాలేదు. ఆధారం ఉంటే చాలు విధానం దానంతటదే వస్తుందని అనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర కాసేపు ఆగాలి.

మరో ప్రయోగంలో పిల్లలు ఎక్కడ వెనుకబడ్డారో వివరించే నివేదికలను ఉపాధ్యాయులకు ఇచ్చారు. పరిశీలకులు తరగతిలో కూర్చున్నప్పుడు ఆ ఉపాధ్యాయులు బాగా చెప్పినట్టు కనిపించింది, కానీ ఏడాది చివర పిల్లల మార్కుల్లో తేడా లేదు. నివేదికను చదివి వాడుకోవలసిన అవసరం ఉపాధ్యాయుడికి కలగనప్పుడు అది బీరువాలోకి చేరుతుంది. ఈనాడు నెలనెలా యాప్‌లలో నింపుతున్న స్థాయి వివరాల విషయంలో ఈ ఫలితాన్ని ఎందుకు గుర్తు చేసుకోమో నాకు అర్థం కాదు.

నాకు వీటన్నిటిలోకీ ఎక్కువ నచ్చేది బడి గ్రాంట్ల కథ. బడులకు ముందుగా చెప్పకుండా డబ్బు ఇచ్చి, నోటు పుస్తకాల వంటి పిల్లలకు పనికొచ్చే సామగ్రి కొనిపించారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అదే డబ్బు ఇచ్చినా ఫలితం కనిపించలేదు. కారణం బడిలో లేదు, ఇంట్లో ఉంది. డబ్బు మళ్లీ వస్తుందని తెలిసిన తల్లిదండ్రులు తాము కొనే పుస్తకాలు, పెన్సిళ్ల ఖర్చు తగ్గించుకున్నారు. రోజు కూలి మీద బతికే ఇల్లు అంతకంటే తెలివైన పని ఏమి చేస్తుంది? గ్రాంటు వల్ల ఆ కుటుంబానికి మేలు జరిగింది, పిల్ల మార్కులకు జరగలేదు. ఏడాది మాత్రమే నడిపి ఆపేసిన ప్రయోగాన్ని నమ్మి విధానం రాసి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

ప్రైవేటు బడుల గురించిన ప్రయోగం మన ఊళ్లకు ఇంకా దగ్గరిది. 180 గ్రామాల్లో లాటరీ తీసి, గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో వారికీ, లాటరీ తగలని పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం లాటరీ గెలిచినవారు ముందున్నారు. ‘ప్రైవేటులో ఏమీ లేదు’ అని ఒక పక్షం, ‘పిల్లకు పెట్టే ఖర్చు సర్కారు బడిలో మూడో వంతు కూడా లేకుండా అదే చదువు వస్తోంది కదా’ అని మరో పక్షం ఒకే పట్టికను చూపించి వాదించుకున్నాయి. రెండూ పట్టికలో ఉన్న మాటలే. రెండో పక్షం ఆ తక్కువ ఖర్చు ఎక్కువగా తక్కువ జీతాల వల్ల వచ్చిందనీ, మొదటి పక్షం ప్రైవేటు బడులు తెలుగు, లెక్కల పీరియడ్లు తగ్గించి మిగతా సబ్జెక్టులకు కేటాయించాయనీ చెప్పడం మరిచిపోతుంటాయి.

పథకం సర్కారు చేతికి వచ్చాక

ఉమ్మడి రాష్ట్రంలోనే వంద బడులకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు ఉపాధ్యాయుణ్ణి ఇచ్చి చూస్తే 0.15 ప్రాంతంలో లాభం కనిపించింది. కెన్యాలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది. అక్కడి ప్రభుత్వం దేశమంతా అమలు చేయబోయే ముందు పరిశోధకులు ఒక తెలివైన పని చేశారు: అదే పథకాన్ని కొన్ని బడుల్లో ఒక స్వచ్ఛంద సంస్థ చేత, మరికొన్నింటిలో ప్రభుత్వం చేత నడిపించారు. సంస్థ నడిపిన చోట పిల్లలు లాభపడ్డారు. ప్రభుత్వం నడిపిన చోట ఏమీ మారలేదు. ఉద్యోగం పేరూ విధులూ ఒకటే అయినా, నియామకం, జీతం అందే తీరు, పైనుంచి చూసేవారు వేరు.

అమెరికాలో 1985 నుంచి నాలుగేళ్లు టెనెసీ రాష్ట్రంలో తరగతి పరిమాణం తగ్గించి చూస్తే చిన్నపిల్లలకు మేలు జరిగింది. 1996లో కాలిఫోర్నియా ఒక్కసారిగా రాష్ట్రమంతా తరగతులు చిన్నవి చేయబోతే ఉపాధ్యాయులు చాలక అర్హత లేనివారిని వేలాదిగా తీసుకోవలసి వచ్చింది.

పద్ధతి వేరు, దానిని నడిపే తీరు వేరు అన్న సంగతి నల్లగొండవాళ్లకు వేరే దేశాల కథలతో చెప్పనక్కరలేదు. మన జిల్లా పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది ‘నల్లగొండ పద్ధతి’ వల్లనే. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పేరుకునేలా చేసి వడకట్టే విధానాన్ని తయారుచేశారు. తూర్పు ఆఫ్రికా దేశాలకు కూడా ఆ పేరుతోనే అది వెళ్లింది. అందులోని రసాయనశాస్త్రంలో తప్పేమీ లేదు. అయితే ఎంత పటిక వేయాలన్నది ఆ బావి నీటి గుణాన్నిబట్టి మారుతుంది, అది రోజూ వేయాలి, అడుగున చేరిన మడ్డిని రోజూ తీసి పారబోయాలి. పటిక తెచ్చే డబ్బూ వేసే మనిషీ లేని చోట అది పుస్తకంలోనే మిగులుతుంది. ఫ్లోరోసిస్ ఊళ్లకు చివరికి ఊరట వచ్చింది కృష్ణా జలాలతో. చదువు పథకాల్లోనూ పటిక ఏదో, దానిని రోజూ వేసే మనిషి ఎవరో విడివిడిగా చూడాలి.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ, తరగతినిబట్టి కాక స్థాయినిబట్టి గుంపులు చేసి నేర్పే ‘స్థాయికి తగిన బోధన’ను ఇలా విడదీసి చూసిన తీరు ఆదర్శప్రాయం. 2001 తర్వాత వడోదర, ముంబయిలలో ఊళ్లోని యువతులను పెట్టి వెనుకబడిన పిల్లలకు నేర్పిస్తే ఫలితం బాగుంది. బిహార్‌లో 2008 వేసవి శిబిరాల్లో సర్కారు ఉపాధ్యాయులే ఆ పద్ధతిలో చెబితే పిల్లలు నేర్చుకున్నారు. అదే బిహార్‌లో బడి రోజుల్లో ఉపాధ్యాయులకు శిక్షణా సామగ్రీ ఇచ్చి వదిలేస్తే ఏమీ జరగలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఉపాధ్యాయుడికి చేతకాకపోవడం కారణం కాదని తెలుస్తుంది. వేసవిలో సిలబస్ లేదు, బడి తెరిచాక ఉంది. సిలబస్ పూర్తి చేయమని ఒకవైపు ఒత్తిడి చేస్తూ స్థాయినిబట్టి చెప్పమంటే మనిషి మొదటి పనే చేస్తాడు. హర్యానాలో టైమ్‌టేబుల్‌లోనే రోజుకో గంట దీనికి కేటాయించి, పైనుంచి వచ్చి చూసేవారిని కూడా సిద్ధం చేస్తే భాషలో మెరుగుదల వచ్చింది.

దేవరకొండ దిక్కున ఒక తండా బడి

ఇప్పుడు ఈ ఆధారాన్ని మన దగ్గరికి తెచ్చి చూద్దాం. దేవరకొండ దిక్కున ఒక తండాలో ఒకటి నుంచి ఐదు దాకా 23 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉన్న బడిని ఊహించుకోండి. నాలుగో తరగతి పిల్లవాడు ‘పత్తి’ని ‘పతి’ అనీ, ‘చెట్టు’ను ‘చెటు’ అనీ చదువుతాడు. గుణింతం పట్టుబడింది, వత్తు దగ్గర ఆగిపోయాడు. పక్కన కూర్చున్న రెండో తరగతి పిల్ల రొట్టె బొమ్మ చూసి ‘బాటి’ అంటుంది, అమ్మ బొమ్మ చూసి ‘యాడి’ అంటుంది. బొమ్మలు ఆమెకు తెలిసినవే, మాటలు లంబాడీవి. పరీక్ష కాగితం మీద ఇద్దరూ ఒకే గడిలో పడతారు: ‘పదాలు చదవలేరు’. ఒకరికి కావలసింది వత్తుల సాధన, మరొకరికి కావలసింది తెలుగు మాటలు.

స్థాయినిబట్టి గుంపులు చేయడం ఈ బడిలో నిజానికి తేలిక. పెద్ద బడిలో అందుకు తరగతులు కలపాలి, టైమ్‌టేబుల్ మార్చాలి. ఇక్కడ పిల్లలందరూ ఎలాగూ ఒకే గదిలో ఉన్నారు. భాష సంగతి అంత సులువు కాదు. పుస్తకం భాషా ఇంటి భాషా వేరుగా ఉండటం బిహార్‌లోనూ ఉన్నదే, అయినా అక్కడ పద్ధతి పనిచేసింది. అయితే భోజ్‌పురికీ హిందీకీ ఉన్న దగ్గరితనం లంబాడీకీ తెలుగుకూ లేదు. కనుక అక్కడి ఫలితం వత్తుల దగ్గర ఆగిన పిల్లవాడికి వర్తిస్తుందని కొంత ధైర్యంగా చెప్పవచ్చు, ‘యాడి’ అన్న పిల్ల విషయంలో అంత ధైర్యం పనికిరాదు.

ఇక గంటల లెక్క. పథకం కాగితం మీద రోజుకు గంట చొప్పున 100 రోజులు, అంటే 100 గంటలు. సమావేశాలు, శిక్షణలు, ఓటర్ల జాబితా పని, సెలవుల వల్ల వారానికి ఐదు రోజుల్లో ఒక రోజు ఆ గంట పోయిందనుకుంటే 80 మిగులుతాయి. ఆ పిల్లవాడి హాజరు 70 శాతం అయితే అతనికి అందేది 56 గంటలు. పూర్తి 100 గంటలు అందిన చోట 0.30 ప్రభావం కనిపించిందనీ, ప్రభావం గంటలతో పాటే తగ్గుతుందనీ అనుకుంటే ఇక్కడ ఆశించవలసింది 0.17. పద్ధతి విఫలం కానక్కరలేకుండానే ఫలితం సగానికి దగ్గరగా పడిపోయింది. గద్వాల వైపు సీడ్ పత్తిలో క్రాసింగ్ (పూలకు చేత్తో పరాగం అద్దడం) పని నడిచే రోజుల్లో, దసరా దాటాక తల్లిదండ్రులు పుణెకో ముంబయికో వలస పోయే ఊళ్లలో ఆ 70 శాతం కూడా నిలవదు.

కృత్రిమ మేధ పాఠాలకూ ఇదే లెక్క. ఢిల్లీలో ఒక కంప్యూటర్ అభ్యాస కార్యక్రమం నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 లాభం చూపించింది. చిన్న ఫలితాలు కావు. అయితే అది బడి అయిపోయాక నడిచే కేంద్రంలో, పర్యవేక్షకుల సమక్షంలో, ఎక్కువగా ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు జరిగింది. ఇక్కడ ప్రాథమిక తరగతులు, బడి వేళ, బడి కరెంటు.

కొలిచేవారే చెప్పేవారైతే

పథకం పనిచేస్తోందా లేదా అన్నది ఎవరు చెప్పాలి? ఉపాధ్యాయుడే పరీక్ష పెట్టి, తానే దిద్ది, తానే యాప్‌లో ఎక్కించి, ఆ అంకెనుబట్టే తాను మాట పడవలసి వస్తే అంకె పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కాగితం మీద జరిపిన పరీక్షలనూ, ట్యాబ్‌లపై జరిపిన పరీక్షలనూ స్వతంత్రంగా మళ్లీ పెట్టిన పరీక్షలతో సరిచూసిన అధ్యయనంలో కాగితం పరీక్షల మార్కులు బాగా ఉబ్బి ఉన్నట్టు, ట్యాబ్‌లవి నమ్మదగినట్టు తేలింది. దీనిని ఉపాధ్యాయుల నిజాయితీ లోపంగా చూసేవారు ఉన్నారు. నా దృష్టిలో ఇది అంకెకు శిక్షను జోడించినందువల్ల వచ్చే ఫలితం. నివేదికల ప్రయోగంలో అవసరం కలగక అంకె బీరువాలో పడింది, ఇక్కడ భయం వల్ల అంకె ఉబ్బింది. రెండు చోట్లా పిల్లవాడు ‘చెటు’ దగ్గరే ఉన్నాడు.

ఆధారం తేల్చలేని ప్రశ్నలు

ఈ ప్రయోగాల మీద గట్టి విమర్శలూ ఉన్నాయి. నోబెల్ పొందిన ఆర్థికవేత్త ఆంగస్ డీటన్, తత్వశాస్త్రవేత్త నాన్సీ కార్ట్‌రైట్ 2018లో రాసిన వ్యాసంలో, ఒక చోట చీటీ తీసి తేల్చిన ఫలితం ఆ చోటికి సరైనదే కానీ మరో చోటికి దానంతటదే ప్రయాణించదని, అది ఎందుకు పనిచేసిందో తెలిసినప్పుడే ప్రయాణిస్తుందని వాదించారు. ఆర్థికవేత్త జాఁ ద్రెజ్ ఇంకో అడుగు వేసి, విధానంలో ఆధారంతో పాటు విలువలూ ఉంటాయని గుర్తు చేశారు. మధ్యాహ్న భోజనం మన బడుల్లోకి వచ్చింది ప్రయోగ ఫలితం చూసి కాదు, 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు దానిని పిల్లల హక్కుగా చూసి ఆదేశించినందువల్ల. కాంట్రాక్టు ఉపాధ్యాయుల ప్రయోగం కూడా పిల్లల మార్కులను కొలిచింది తప్ప, ఒకే పనికి ఐదో వంతు జీతం ఇవ్వడం న్యాయమేనా అన్నది కొలవలేదు. ప్రయోగాలను సమర్థించేవారి జవాబు కూడా తేలికగా తీసిపారేయదగినది కాదు: ప్రయోగం లేకపోతే ఆ స్థానంలోకి వచ్చేది లోతైన ఆలోచన కాదు, పక్క రాష్ట్రంలో చూసి వచ్చినవారి ముచ్చట.

ఇంగ్లిష్ మాధ్యమం మీద జరిగే వాదన ఆధారానికీ విలువలకూ మధ్యనే చిక్కుకుంది. కెన్యాలో ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇస్తే అప్పటికే ముందున్న పిల్లలకు మాత్రమే ఉపయోగపడ్డాయి, మిగతావారు వాటిని చదవలేకపోయారు. తెలియని భాషలో మొదలుపెట్టిన చదువు గురించి ఈ ఫలితం గట్టి హెచ్చరికే. కానీ చందంపేటలోనో, మక్తల్‌లోనో ఇంగ్లిష్ మాధ్యమం కోరే తల్లి ఐదో తరగతి లెక్కల మార్కుల గురించి మాట్లాడటం లేదు. రేపు ఇంటర్వ్యూలో, హైదరాబాద్‌లో తన కొడుకు నోరు తెరవగలడా అని అడుగుతోంది. ఇప్పుడు పుస్తకాలను ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో మరో భాషగా అచ్చు వేస్తున్నారు. ఆ తండా బడిలో పిల్లలు ఏ పేజీ తెరిచి పెట్టుకుంటున్నారో, ఉపాధ్యాయుడు దేనిని చదివి దేనితో వివరిస్తున్నాడో గమనించి రాసుకోవడానికి పెద్ద ప్రయోగమేమీ అక్కరలేదు. సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) వారానికోసారి అరగంట వెనక బెంచీలో కూర్చుంటే సరిపోతుంది.